మడత లోపలి తడి

క్లాసు సారు పాఠం కాగితాన్ని కత్తెరతో నాలుగు ముక్కలుగా కోస్తుంటే పెద్దక్కకి ఒళ్ళు మండిపోయింది. శుభ్రంగా అచ్చేసిన కొత్త కాగితం. నిలువుగా ఒక కోత, అడ్డంగా ఒక కోత. నాలుగు ముక్కల్నీ బల్ల మీద బోర్లించి, "తలా ఒకటి తీసుకోండి. పక్కవాళ్ళది చూడకూడదు" అన్నాడాయన.

"చూడకపోతే మిగతా మూడింట్లో ఏముందో మాకెట్లా తెలుస్తుంది సార్?" అంది పెద్దక్క.

"ఎవరి ముక్క వాళ్ళు చదువుకుని మిగతా ముగ్గురికీ చెప్తారు. విన్నవాళ్ళు దాన్ని సొంత మాటల్లో తిరిగి చెప్పాలి. చెప్పినవాళ్ళు 'అవును, నేను చెప్పింది ఇదే' అంటేనే పాఠం అయినట్టు."

"మరి మీరేం చేస్తారు?"

గదిలో ఉన్న మిగతా పదకొండు మందీ నవ్వారు. సారూ నవ్వాడు. "నేను బల్లల మధ్య తిరుగుతుంటా. నాకు మోకాళ్ళు అరుగుతాయి, మీకు చదువొస్తుంది" అన్నాడు.

అది ఆసుపత్రిలో పాత స్టోరు గది. విరిగిన మంచాలూ, సెలైను స్టాండులూ బయట పడేసి మూడు బల్లలు వేశారు. గోడల నుంచి ఫినాయిలు వాసన ఇంకా పోలేదు. వచ్చే సోమవారం ఆపరేషన్ సామాను కడిగే గదికి క్రిముల్ని చంపే కొత్త ఆవిరి మిషను వస్తోంది. అందుకని ఆరు రోజులు, రోజూ మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు దాకా క్లాసు. శనివారం పరీక్ష. పాసైనవాళ్ళు ఆ గదిలో పనిచేస్తారు. తప్పినవాళ్ళు వార్డుల్లో నేల తుడవడానికి పోతారు.

పెద్దక్క ఆ గదిలో ఇరవై రెండేళ్ళుగా ఉంది. ఆపరేషన్ అయ్యాక రక్తంతో వచ్చే కత్తెరలూ, క్లాంపులూ, పట్టకార్లూ కడిగి, లెక్కపెట్టి, ట్రేలో సర్ది, గుడ్డలో చుట్టి, ఆవిరి మిషనుకి అందించడం ఆమె పని. గుడ్డ విప్పగానే "ఇది పెద్దక్క ట్రే" అని డాక్టర్లు గుర్తుపట్టేవాళ్ళు. ఆ మాట ఎవరైనా వచ్చి చెప్తే ఆమెకి ఆ పూట ఆకలి కూడా వేసేది కాదు.

ఇప్పుడు నలభై ఏడేళ్ళకి బెంచీ మీద కూచోబెట్టి పాఠం అన్నారు. సరే, కూచుంది. పరీక్ష అన్నారు. సరే, రాస్తుంది. కానీ సారు చెప్పిన ఆఖరి మాట దగ్గర మాత్రం ఆమెకి గొంతులో పచ్చి వెలక్కాయ పడింది.

"శనివారం ప్రతి బల్లకీ ఒక ట్రే ఇస్తా. నలుగురి పేర్లూ చీటీలు వేసి ఒకటి తీస్తా. ఆ ఒక్కరూ మొదట్నించీ చివరిదాకా ట్రే కట్టాలి. కడుతూ, ఏది ఎందుకు చేస్తున్నారో పైకి చెప్పాలి. మిగతా ముగ్గురూ నోరెత్తకూడదు. ఆ ఒక్కరికి వచ్చిన మార్కే నలుగురి మార్కూ."

పెద్దక్క తన బల్ల చుట్టూ చూసింది. ఎదురుగా లిఫ్టు బాబాయి. లిఫ్టు దానంతటదే నడిచేది పెట్టాక స్టూలుతో సహా బయటికొచ్చేసిన మనిషి. పెద్దక్క కంటే ఎనిమిదేళ్ళు పెద్దవాడైనా అందరితో పాటు ఆమెని "పెద్దక్కా" అనే పిలుస్తాడు. ఆమె అతన్ని "బాబాయ్" అంటుంది. ఇద్దరూ ఒకరికొకరు పెద్దవాళ్ళు. పక్కన డిగ్రీ. డిగ్రీ చదివి, వేరే ఉద్యోగం దొరక్క నెల కిందట ఇక్కడ చేరిన పిల్ల. కాగితం ఇస్తే గడగడా చదివేస్తుంది, క్లాంపు ఇస్తే కత్తెరనుకుంటుంది. ఆ మూల, చేతులు ఒళ్ళో పెట్టుకుని లాండ్రీ పిల్ల.

"నువ్వు ముందు సామాన్ల గదిలోనే ఉండేదానివి కదమ్మా?" అన్నాడు బాబాయి ఆ పిల్లతో.

"రెండు నెలలున్నా బాబాయ్. తర్వాత లాండ్రీలో వేశారు."

"ఎందుకేం?"

"ఏమో, వేశారు" అందా పిల్ల. పెద్దక్క వైపు చూడనైనా చూడలేదు. పెద్దక్క తన కాగితం ముక్కని కళ్ళకి దగ్గరగా పెట్టుకుంది. అక్షరాలు బాగానే కనిపిస్తున్నాయి.

ఎందుకు వేశారో ఆమెకి తెలుసు. మూడేళ్ళ కిందట ఆ గది చూసుకునే సిస్టరమ్మ దగ్గరికి వెళ్ళి, "ఆ పిల్ల ట్రేలు చూస్తే కడుపులో తిప్పుతోంది సిస్టర్, క్లాంపులన్నీ నోళ్ళు తెరుచుకుని చిందరవందరగా ఉంటాయి" అన్నది తనే. ఆ మర్నాటి నుంచి ఆ పిల్ల గదిలో కనబడలేదు.

*

మంగళవారం పెద్దక్కకి వచ్చిన ముక్క కడగడం గురించి. చూడగానే ఆమె ముఖం విప్పారింది. ఇది తెలియకపోతే ఇంకేం తెలిసినట్టు?

"వచ్చిన సామాను వచ్చినట్టే ముందు చల్లనీళ్ళలో వెయ్యాలి. వేడినీళ్ళు పొయ్యకూడదు. తర్వాత గోరువెచ్చటి నీళ్ళు, సబ్బు, బ్రష్షు. అయిపోయింది" అంది.

"ఎందుకు?" అన్నాడు బాబాయి.

"ఏది ఎందుకు?"

"వేడినీళ్ళతో అయితే మురికి తొందరగా పోతుంది కదా పెద్దక్కా. చల్లనీళ్ళెందుకు?"

"ఎందుకంటే అంతే బాబాయ్. ఎప్పటినుంచో అంతే."

సారు ఆ పక్కగా పోతూ ఆగాడు. "'అంతే' అన్నదాన్ని బాబాయిగారు ఎలా తిరిగి చెప్పాలమ్మా?" అని, సమాధానం కోసం చూడకుండా అవతలి బల్ల దగ్గరికి వెళ్ళిపోయాడు.

పెద్దక్క ముక్కలో ఆ కారణం ఉంది, రెండో వాక్యంలో. కానీ తనకి తెలిసిన పాఠమే కదా అని ఆమె మొదటి వాక్యం చదివి కాగితం మడిచేసింది. ఇప్పుడు విప్పి చూస్తే పరువు పోతుంది. కాగితం మీద అరచెయ్యి వేసుకుని కూచుంది.

"లాండ్రీలో కూడా అంతే అక్కా" అంది లాండ్రీ పిల్ల మెల్లగా. "రక్తం మరక మీద వేడినీళ్ళు పడితే రక్తం ఉడికినట్టయి గట్టిపడి పట్టేసుకుంటుంది. ఇంక ఎంత ఉతికినా పోదు. నేను చేరిన కొత్తల్లో పద్నాలుగు దుప్పట్లు అట్లా పాడుచేశా. మీరు చెప్పేది కూడా అదేనేమో."

పెద్దక్క కాగితం విప్పి చూసింది. అదే ఉంది. దుప్పట్లు లేవు గానీ మాట అదే.

"ఆ. అదే" అంది.

"పద్నాలుగా?" అన్నాడు బాబాయి.

"సూపర్‌వైజరు లెక్కపెట్టి మరీ తిట్టాడు బాబాయ్. మర్చిపోతానా?"

బాబాయి తిరిగి చెప్పాడు. చల్లనీళ్ళు, ఉడికే రక్తం, పద్నాలుగు దుప్పట్లు. దుప్పట్ల సంగతి పాఠంలో లేదని డిగ్రీ అంది. "నా బుర్రలో దుప్పట్లతోనే నిలబడిందమ్మా, వాటిని తీసేస్తే మొత్తం జారిపోతుంది" అన్నాడాయన. పెద్దక్క పెదవి బిగించి "నేను చెప్పింది ఇదే" అంది. చెప్పింది తను కాదని ఆ బల్ల దగ్గర అందరికీ తెలుసు.

*

బుధవారం గొడవైంది.

ఆ రోజు క్లాంపుల ముక్క లాండ్రీ పిల్లకి వచ్చింది. క్లాంపు చూడ్డానికి కత్తెరలా ఉంటుంది గానీ కోయదు, పట్టుకుంటుంది. ఆపరేషన్‌లో తెగిన రక్తనాళాన్ని పట్టి ఆపుతుంది. వేళ్ళు దూర్చే రింగుల దగ్గర చిన్న పళ్ళుంటాయి. నొక్కితే టిక్కుమని బిగుసుకుంటుంది. పెద్దక్క ట్రేలో పదకొండు క్లాంపులూ అట్లా బిగించి, మూతులన్నీ ఒకే వైపు, రింగులన్నీ ఒకే ఎత్తులో ఉంటాయి. ఆ వరుస చూసే డాక్టర్లు ఆమె ట్రేని గుర్తుపట్టేది.

లాండ్రీ పిల్ల తన ముక్కని రెండుసార్లు చదువుకుంది. నోట్లో నోట్లో మూడోసారి కూడా చదువుకుంది. తర్వాత తలెత్తకుండా, "క్లాంపులు తెరిచి పెట్టాలంట" అంది.

"ఏంటీ?" అంది పెద్దక్క.

"ఆవిరి మిషనులోకి పంపేటప్పుడు పళ్ళు బిగించకూడదంట అక్కా. తెరిచి ఉంచాలంట."

"ఇటివ్వు ఆ కాగితం."

"పక్కవాళ్ళది చూడకూడదు కదక్కా."

"సార్!" పెద్దక్క లేచి నిలబడింది. మిగతా రెండు బల్లలూ ఇటు తిరిగాయి. "ఇరవై రెండేళ్ళుగా బిగించే కడుతున్నాను. నాకు నేర్పిన పెద్ద సిస్టరు బిగించమనే నేర్పింది. ఈ అమ్మాయి తెరవమంటోంది. ఏది కరెక్టో మీరు చెప్పండి."

సారు వచ్చాడు గానీ చెప్పలేదు. "ఒప్పుకోకపోవడానికి మీకు హక్కుందమ్మా. కానీ ముందు ఆ అమ్మాయి ఏమందో, ఎందుకందో మీరు తిరిగి చెప్పాలి. 'నేనన్నది ఇదే' అని ఆ అమ్మాయి అన్నాక అప్పుడు కాదనండి" అన్నాడు.

"ఎందుకో ఆ అమ్మాయి చెప్తేగా?"

"మీరు కూచుంటే చెప్తుందేమో."

పెద్దక్క కూచుంది. బెంచీ కిర్రుమంది. లాండ్రీ పిల్ల కాగితం బోర్లించి పక్కన పెట్టి, తన పైట చెంగు తీసుకుని నాలుగు మడతలు పెట్టింది.

"తడి దుప్పటి ఇట్లా మడత పెట్టి ఎండలో వేశామనుకోండి. గంట తర్వాత పైన చెయ్యి పెడితే పొడిగానే ఉంటుంది. ఆరిపోయిందనుకుంటాం. విప్పి చూస్తే మడత లోపల తడి అట్లాగే ఉంటుంది. ఎండ అక్కడిదాకా పోలేదు కదా. క్లాంపు బిగిస్తే అదొక మడత. దాని మూతి లోపలికీ, ఆ పళ్ళ మధ్యకీ ఆవిరి పోదు. గుడ్డ పైన అంటించిన టేపు మీద వేడికి నల్ల గీతలు వచ్చేస్తాయి, మనం అయిపోయిందనుకుంటాం. ఆవిరి తగలని చోట క్రిమి చావదు. ఆ క్లాంపు తీసుకెళ్ళి ఇంకో మనిషి కడుపులో పెడతారు."

డిగ్రీ తన చేతిలోని పెన్ను మూత తీసి పెట్టి, తీసి పెట్టి చేస్తోంది.

"తిరిగి చెప్పు పెద్దక్కా. నీ వంతు" అన్నాడు బాబాయి.

పెద్దక్క గోడ వైపు తిరిగి చెప్పింది. మాటలు చేదుమందు మింగినట్టు ఒక్కొక్కటే వచ్చాయి. "మడత లోపల తడి ఆరదు. క్లాంపు మూస్తే అదో మడత. లోపలికి ఆవిరి పోదు. క్రిమి చావదు. చాలా?"

"నేనన్నది ఇదే అక్కా" అంది లాండ్రీ పిల్ల.

"నేను ఒప్పుకోను."

"సరే అక్కా."

ఆ 'సరే' వినగానే పెద్దక్కకి ఇంకా కోపం వచ్చింది. ఎదురు తిరిగితే నాలుగు దులిపేసి ఉండేది. ఆ పిల్ల మడతలు విప్పి చెంగు సర్దుకుంది, అంతే.

ఆ సాయంత్రం ఇంటికెళ్ళి ముఖం కడుక్కుని బీరువాలోంచి తువ్వాలు తీసింది. నిన్న ముసురులో హడావిడిగా తీసి మడత పెట్టిన తువ్వాలు. పైన పొడిగా ఉంది. ముఖానికి పెట్టుకోబోయి ఆగింది. ఒక మడత విప్పింది. రెండో మడత విప్పింది. లోపల చల్లగా తగిలింది. ముక్కు దగ్గర పెట్టుకుంటే ముక్కిపోయిన వాసన.

ఆమె భర్త ఫ్యాన్ల మెకానిక్కు. నేల మీద ఒక ఫ్యాను విప్పుకుని కూచున్నాడు. "ఏంటే, తువ్వాలుతో పంచాయితీ పెట్టుకున్నావ్?" అన్నాడు.

"మీ ఫ్యాను మీరు చూసుకోండి."

"క్లాసులో ఎవరైనా ఏమైనా అన్నారా?"

"నన్ను అనేవాళ్ళెవరు?" అంది. తువ్వాలు పూర్తిగా విప్పి కిటికీ ఊచలకి ఆరేసింది. అది ఆరేదాకా ఆ గదిలో అటూ ఇటూ తిరుగుతూనే ఉంది.

*

గురువారం క్లాసు మొదలవగానే పెద్దక్క కూచోకుండానే, "క్లాంపులు తెరిచే పెడదాం" అంది. ఎందుకని ఎవరూ అడగలేదు. అడగనందుకు ఆమె మనసులో ముగ్గురికీ దణ్ణం పెట్టుకుంది.

ఆ రోజు నుంచి నిజం ట్రేలు ఇచ్చారు. ఒకరు కడుతుంటే ముగ్గురు చూడాలి. మొదట బాబాయి వంతు. కళ్ళజోడు సర్దుకుని క్లాంపుల్ని ఒక్కొక్కటే తీసి పక్కన పెట్టి, "పది" అన్నాడు.

"పదకొండుండాలి" అంది డిగ్రీ పట్టిక చూసి.

సామాన్ల గదిలో పనిచేసినవాళ్ళకి ఒక క్లాంపు తగ్గడమంటే ఏమిటో తెలుసు. అది ఏ మనిషి కడుపులోనో ఉండిపోయి ఉండొచ్చు. నలుగురూ బల్ల కింద దూరారు. గుడ్డలు దులిపారు. లాండ్రీ పిల్ల చెత్తబుట్ట బోర్లించింది. సారు కూడా వచ్చి వంగాడు.

"మళ్ళీ లెక్కపెట్టండి బాబాయ్, పైకి" అంది డిగ్రీ.

బాబాయి వేలు పెట్టి మొదలుపెట్టాడు. "గ్రౌండు, ఒకటి, రెండు, మూడు..."

డిగ్రీకి ముందు అర్థమైంది. నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. తర్వాత లాండ్రీ పిల్లకి. బాబాయి పదో అంతస్తు దాకా వెళ్ళి ఆగాడు. "పదే కదా మరి" అన్నాడు.

"ముప్పై ఏళ్ళు లిఫ్టులో ఉంటే ఇంకేం అవుతుంది" అంది పెద్దక్క. అని, ఆపుకోలేక నవ్వింది. ఆ నవ్వుకి ఆమెకే ఆశ్చర్యమేసింది. ఇరవై రెండేళ్ళలో ఆ సామాను ముందు కూచుని ఎప్పుడైనా నవ్విందా అంటే గుర్తు రాలేదు. ఎప్పుడూ ఒక్కతే, కిటికీ పక్క స్టూలు మీద. పక్కన ఎవరైనా ఉన్నా మాట్లాడితే లెక్క తప్పుతుందని కసిరేది.

"నవ్వండి నవ్వండి" అన్నాడు బాబాయి. "శనివారం నా చీటీ వస్తే అప్పుడు తెలుస్తుంది."

"రానీ బాబాయ్, గ్రౌండు వదిలేసి ఒకటో అంతస్తులో ఎక్కుదువు గాని" అంది పెద్దక్క.

శుక్రవారం ఆమె తన వంతు తీసుకోలేదు. "నాకెందుకు? నిద్రలో లేపినా కట్టేస్తాను. ఆ టైము కూడా మీరే చేసుకోండి" అని ముగ్గురి వెనకా నిలబడింది. డిగ్రీకి గుడ్డ చుట్టడం రావట్లేదని చెయ్యి పట్టుకుని ఏడుసార్లు చుట్టించింది. బాబాయి చేత ఒకటి నుంచి లెక్కపెట్టించింది. లాండ్రీ పిల్ల ట్రే కడుతుంటే మాత్రం పక్కకి వచ్చి నిలబడి చూసింది. ఆ పిల్ల చేతులు తొందరపడవు. క్లాంపు తెరుస్తుంది, వెలుతురుకి ఎత్తి చూస్తుంది, పెడుతుంది. చూడ్డానికి ఇప్పటికీ చిందరవందరగానే ఉంది. కానీ ఇప్పుడు ఆ చిందరవందరలో పెద్దక్కకి ఆవిరి వెళ్ళే దారులు కనిపించాయి.

"బాగా కడుతున్నావ్" అంది.

ఆ పిల్ల చేతిలో క్లాంపు ఒక్క క్షణం ఆగింది. "థాంక్సక్కా" అంది.

"మీరు కూడా ఒక్కసారి కట్టండక్కా" అంది తర్వాత. పెద్దక్క వినిపించుకోలేదు.

*

శనివారం వాళ్ళ బల్ల చీటీ సారు విప్పి చదివాడు. "పెద్దక్క."

బాబాయి గుండెల మీద చెయ్యి వేసుకుని ఊపిరి వదిలాడు. డిగ్రీ కళ్ళు మూసుకుని తెరిచింది. గట్టెక్కేశామన్న సంతోషం ముగ్గురి ముఖాల్లోనూ కనిపించింది. సోమవారం నుంచీ ఎవరి చేతి మీద తన బతుకు ఆధారపడుతుందోనని బెంగపెట్టుకున్న పెద్దక్కకి కూడా తన పేరు చల్లగా వినిపించింది. చేతులు కడుక్కుంది. ట్రే ముందు నిలబడింది. సారు ఎదురుగా కాగితం, పెన్ను పట్టుకుని కూచున్నాడు.

"చేస్తూ చెప్పండమ్మా."

"ముందు కడిగింది సరిగ్గా ఉందో లేదో చూస్తున్నాను. చల్లనీళ్ళతో ఎందుకు కడగాలంటే, వేడినీళ్ళకి రక్తం ఉడికి పట్టేసుకుంటుంది." పద్నాలుగు దుప్పట్లు అనబోయి ఆపుకుంది. "ఇప్పుడు లెక్క. ఒకటి, రెండు..." పదకొండు దాకా లెక్కపెట్టింది. చేతులు వాటంతటవే నడుస్తున్నాయి. పట్టకార్లు ఒక పక్క. కత్తెరలు ఒక పక్క.

"ఇప్పుడు క్లాంపులు సర్దుతున్నాను. క్లాంపులు తెరిచి పెట్టాలి. ఎందుకంటే తడి గుడ్డ మడత పెట్టి ఎండలో వేస్తే పైన ఆరుతుంది గానీ..."

టిక్కు.

"...మడత లోపల తడి అట్లాగే ఉంటుంది. ఎండ అక్కడిదాకా పోదు..."

టిక్కు. టిక్కు.

బాబాయి రెండు చేతులతో బల్ల అంచు పట్టుకున్నాడు. డిగ్రీ పెదవి కొరుక్కుంది. నోరెత్తకూడదు. లాండ్రీ పిల్ల తల వంచుకుని తన ఒళ్ళోకి చూసుకుంటోంది.

"...అట్లాగే క్లాంపు మూస్తే అదొక మడత" అంటోంది పెద్దక్క. టిక్కు. "లోపలికి ఆవిరి పోదు." టిక్కు. మూతులన్నీ ఒకే వైపు, రింగులన్నీ ఒకే ఎత్తులో, వరుస ముత్యాలు పేర్చినట్టు వస్తోంది. "క్రిమి చావదు. ఆ క్లాంపు తీసుకెళ్ళి ఇంకో మనిషి..."

ఆగింది.

తను ఏమంటోందో ఆమెకి వినబడింది. ఆ మాటలు పుస్తకంలోవి కావు. గోడ వైపు తిరిగి, చేదుగా, ఒక్కొక్కటే తన నోటితో తను అన్న మాటలు. కిందికి చూసింది. ఐదు క్లాంపులు బిగించి ఉన్నాయి. ఆరోది చేతిలో ఉంది, బొటనవేలు అప్పటికే పళ్ళ మీద ఉంది. నోరు ఒకటి చెప్తోంది, చెయ్యి ఇంకొకటి చేస్తోంది.

"సార్" అంది. "నా చేతులు తప్పు చేస్తున్నాయి. ఇరవై రెండేళ్ళ అలవాటు. విప్పి మళ్ళీ సర్దొచ్చా?"

"మీ ట్రే, మీ ఇష్టం" అన్నాడు సారు.

ఒక్కొక్కటీ తీసి పళ్ళు విడిపించింది. తెరిచింది. వెలుతురుకి ఎత్తి లోపల చూసింది, లాండ్రీ పిల్ల చూసినట్టే. పెట్టింది. పదకొండూ అయ్యేసరికి ఆ ట్రే చూసి ఎవరూ పెద్దక్క ట్రే అనుకోరు. గుడ్డ చుట్టి, టేపు అంటించి, చేతులు వెనక్కి తీసుకుంది. అప్పుడు గానీ తన జాకెట్టు వీపు మీద తడిసి అతుక్కుందని తెలియలేదు.

సారు రాసుకోవడం ముగించి తలెత్తాడు. "పాసు. నలుగురూ" అన్నాడు.

బాబాయి లేచి, ఎవర్ని కావలించుకోవాలో తెలియక, కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. పెద్దక్క కదల్లేదు.

"సార్, ఇన్నేళ్ళూ నేను మూసి పంపినవి..." అంది.

సారు పెన్ను మూత పెట్టాడు. "పాత మిషను చాలాసేపు నడిచేది. చాలావరకు అదే కాపాడి ఉంటుంది. అన్నీ కాపాడిందని మాత్రం నేను చెప్పలేనమ్మా. ఎవరూ చెప్పలేరు" అన్నాడు.

అబద్ధం చెప్పనందుకు ఆయన మీద ఆమెకి గౌరవం కలిగింది. వెళ్ళి బెంచీ మీద కూచుంది. డిగ్రీ మంచినీళ్ళు తెచ్చి ఇచ్చింది. బాబాయి పక్కన కూచున్నాడు.

*

లాండ్రీ పిల్ల కుళాయి దగ్గర చేతులు కడుక్కుంటుంటే పెద్దక్క వెళ్ళి పక్కన నిలబడింది.

"మూడేళ్ళ కిందట సిస్టరమ్మకి చెప్పింది నేనే" అంది.

"తెలుసక్కా."

"తెలుసా? తెలిసి కూడా ఇన్ని రోజులు నా పక్కన..."

"పాఠం చెప్పాలి కదక్కా. నాకూ పాసవ్వాలని ఉంది."

"అప్పుడు నువ్వే కరెక్టు. నేను తప్పు."

లాండ్రీ పిల్ల కుళాయి కట్టేసింది. తడి చేతులు విదిలించి, చిన్నగా నవ్వింది. "కరెక్టేం కాదక్కా. అప్పుడు నా బొటనవేలికి గోరుచుట్టు లేచింది. పళ్ళు నొక్కితే ప్రాణం పోయేది. అందుకని తెరిచి వదిలేసేదాన్ని. నాకేం తెలుసు ఆవిరి సంగతి? ఎందుకు తెరుస్తున్నావని మీరు అడగలేదు. అడిగినా గోరుచుట్టనే చెప్పేదాన్ని. మీరు ఇంకో రెండు తిట్టేవాళ్ళు."

పెద్దక్కకి నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. ఏది ముందు రానివ్వాలో తెలియక ఆ పిల్ల చెయ్యి పట్టుకుంది. బొటనవేలు తిప్పి చూసింది. గోరుచుట్టు మానిపోయి ఎన్నాళ్ళయిందో. సబ్బు సోడాకి చర్మం మాత్రం పగిలి ఉంది.

అట్నుంచి అటే సిస్టరమ్మ గదికి వెళ్ళింది. "మూడేళ్ళ కిందట ఒక పిల్ల మీద మీకో మాట చెప్పాను సిస్టర్. ట్రేలు సరిగ్గా కట్టదని. అది తప్పు. తప్పని చెప్పడానికి వచ్చాను" అంది.

సిస్టరమ్మ రాస్తున్నది ఆపి కాసేపు ఆలోచించింది. "ఎవరి గురించి? గుర్తులేదే" అంది.

తను అన్న ఒక్క మాటకి ఒక మనిషి మూడేళ్ళు సోడా నీళ్ళలో చేతులు పెట్టింది. విన్నావిడకి అది గుర్తైనా లేదు. పెద్దక్క తలుపు పట్టుకుని అక్కడే నిలబడి, మొదట్నించీ మొత్తం చెప్పింది. గోరుచుట్టు సంగతి తప్ప.

*

సోమవారం కొత్త మిషను గుయ్యిమంటూ మొదలైంది. బాబాయి దాని తలుపు దగ్గర నిలబడి, ఎవరు వచ్చినా "ఏ ఫ్లోరు?" అంటున్నాడు. డిగ్రీ పట్టికలన్నీ పెద్ద అక్షరాలతో రాసి గోడకి అంటించింది. కొత్తగా చేరిన ఇద్దరమ్మాయిల్ని సిస్టరమ్మ తీసుకొచ్చి, "పెద్దక్కా, వీళ్ళకి నేర్పండి" అని వదిలి వెళ్ళింది.

ఇద్దరూ కిటికీ పక్క స్టూలు చుట్టూ నిలబడ్డారు. వాళ్ళలో ఒకమ్మాయి ట్రేలోకి తొంగి చూసి, "ఇవన్నీ నోళ్ళు తెరుచుకుని ఉన్నాయేంటండీ? మూస్తే నీటుగా ఉంటాయి కదా" అంది.

పెద్దక్క నోటిదాకా పాఠం మొత్తం వచ్చింది. మింగేసింది. బల్ల ఆ చివర గుడ్డలు మడత పెడుతున్న లాండ్రీ పిల్లని పిలిచింది.

"అమ్మాయ్, ఇట్రా."

ఆ పిల్ల చెయ్యి తుడుచుకుంటూ వచ్చింది. పెద్దక్క లేచి, ఇరవై రెండేళ్ళుగా ఇంకెవర్నీ కూచోనివ్వని ఆ స్టూలుని కాలితో ఆమె వైపు జరిపింది.

"కూచో. వీళ్ళు 'ఎందుకు' అని అడుగుతున్నారు. ఇది నాకు నేర్పింది నువ్వు కదా, నువ్వే చెప్పు. వాళ్ళతో పాటు నేనూ తిరిగి చెప్తా."

లాండ్రీ పిల్ల స్టూలు వైపు చూసింది, పెద్దక్క వైపు చూసింది. మెల్లగా కూచుంది. చెంగు తీసుకుని నాలుగు మడతలు పెట్టింది.

"తడి దుప్పటి ఉందనుకోండి" అని మొదలుపెట్టింది. కొత్త అమ్మాయిల మధ్య నిలబడి పెద్దక్క మొదటిసారి వింటున్నట్టు వింది.